మీటరు పెట్టని రోజు

మావారి ఎడమ ముంజేతి మీద నా పళ్ళ గుర్తులున్నాయి. పై వరసవి నాలుగు, కింది వరసవి మూడు. ఎండాకాలంలో పొట్టి చేతుల చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్తే రైల్వే ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు, "ఏందన్నా, కుక్క కరిసిందా?" అని. ఆయన అవునంటారు. ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుతూ చెప్తారు. నేనూ నవ్వుతాను. ఆ కాటు నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా, తెలివొచ్చేసరికి వంటగది గచ్చు మీద వెల్లకిలా పడి ఉండటం, నా ఛాతీ మీద ఆయన మోకాలు, పళ్ళ సందుల్లో గ్లూకోజ్ పొడి, ఆయన ముంజేతి నుంచి నా మెడ మీదికి వెచ్చగా కారుతున్న తడి. అది రక్తమని కాసేపటికి గానీ తెలియలేదు.

పదకొండో ఏట నాకు షుగర్ వచ్చింది. చిన్నపిల్లలకు వచ్చే రకం, మాత్రలతో పోనిది, రోజుకు నాలుగు సూదులు పొడుచుకోవాల్సింది. పెద్దయ్యాక మారేడ్‌పల్లిలో ఒక మిషన్ స్కూల్లో బయాలజీ టీచరునయ్యాను. క్లోమం పాఠం ఏటా వచ్చేది. పుస్తకంలో ఇన్సులిన్‌కు ఒక పేజీ, గ్లూకగాన్‌కు ఒకటిన్నర లైను. రక్తంలో చక్కెర పడిపోతే గ్లూకగాన్ కాలేయంలో దాచిన చక్కెరను బయటికి తెప్పిస్తుందని చెప్పి, బెల్లు కొట్టేలోగా తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ ఒకటిన్నర లైను నా ఒంట్లో ఎప్పుడో చచ్చిపోయిందని పిల్లలకు చెప్పలేదు.

ఈ రకం షుగర్‌లో ఇన్సులిన్ పోతుందని అందరికీ తెలుసు. కొన్నేళ్ళు గడిచాక, చక్కెర పడిపోయినా గ్లూకగాన్ లేవదు. ఆ తర్వాత అడ్రినలిన్ కూడా మొండికేస్తుంది. మామూలు మనిషికి చక్కెర తగ్గితే చేతులు వణుకుతాయి, చెమట పోస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఆకలి దహించేస్తుంది. ఆ గోలలో చాలావరకు అడ్రినలిన్ చేసేదే. నాకు ముప్ఫై నిండేసరికి ఆ గోల ఆగిపోయింది. ఇన్సులిన్ కొంచెం ఎక్కువ పడితే చాలు, ఏ హెచ్చరికా లేకుండా నేరుగా తలకాయ ఆరిపోయేది. అలా అయినప్పుడు కొందరు మగతగా పడి ఉంటారట. నేను కొట్టేదాన్ని.

అలా చక్కెర పడిపోవడాన్ని మా ఇంట్లో 'లో' అనేవాళ్ళం. లో అయినప్పుడు ఎదుటి మనిషి ఎవరో నాకు తెలియదు. ఎవరి పేరూ నోటికి రాదు. ఒకసారి మావారిని ఆటో డ్రైవరనుకుని స్టీలు చెంబుతో నుదురు పగలగొట్టాను. ఇంకోసారి చర్చిలో, ప్రభుభోజనం పళ్ళెం పట్టుకొచ్చిన పెద్దాయన గుండెల మీద రెండు చేతులతో గుద్దాను. ద్రాక్షరసం కప్పులన్నీ బల్లల మీద దొర్లిపోయాయి. ఆ వారమే స్త్రీల సమాజంవాళ్ళు ప్రార్థన చేస్తామని ఇంటికొచ్చారు. సరిగ్గా వాళ్ళ పాట మధ్యలో నాకు మళ్ళీ లో అయింది. దయ్యం లేచిందన్నారు. నలుగురు ఆడవాళ్ళు నా కాళ్ళ మీద, చేతుల మీద కూర్చుని "బయటికి రా" అని అరిచారు. మా అత్తయ్య తేనె సీసాతో వాళ్ళను తోసుకుంటూ వచ్చేసరికి నా మణికట్టు దగ్గర గాజులు విరిగి చర్మంలో దిగబడి ఉన్నాయి. ఆ తల్లులను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆదివారం ఎదురైతే వందనాలు మాత్రం చెప్తాను.

ఇంట్లో పద్ధతి ఒకటి ఏర్పడింది. నా గొంతు లేచిందంటే చాలు, ముందు వేలు పొడిచి షుగర్ చూసే మీటరు, తర్వాతే మాట. మావారు వెనకనుంచి రెక్కలు విరిచి పట్టుకునేవారు. అత్తయ్య దవడ కీలు దగ్గర బొటనవేలు నొక్కి నోరు తెరిపించి, చెంప లోపల తేనె పులిమేవారు. ఆవిడ గుంటూరులో నర్సుగా చేసి రిటైరయ్యారు, చేతి పట్టు అసాధ్యం. ఒకసారి నా దవడ పన్ను చీలిపోయింది. అంతా అయ్యాక ఆయన ఒక పొడుగు నోటుపుస్తకంలో మీటరు అంకె వేసి రాసేవారు. '41. కొరికింది.' '38. చెంబు.' డాక్టరుకు చూపించాలని మొదలుపెట్టిన పుస్తకం అది. ఎవరూ ఎవరికీ సారీ చెప్పుకునేవాళ్ళం కాదు. కొట్టింది షుగరు కదా, దానికెవరు చెప్పాలి?

ఇందులో చిక్కేమిటంటే, నాకు అసలు కోపమనేదే లేకుండా పోయింది. ఉన్నా ఎవరూ నమ్మరు. ఒకసారి మావారు నాతో చెప్పకుండా మా హెడ్‌మిస్ట్రెస్‌ను కలిసి, నాకు ల్యాబ్ పీరియడ్లు ఇవ్వొద్దని అడిగారు. అక్కడ స్పిరిట్ దీపాలూ బ్లేడ్లూ ఉంటాయట. స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట పడగానే ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అరిచాను.

"జెర ఆగు. ముందు మీటరు పెట్టు," అన్నారాయన.

నూట ముప్ఫై ఎనిమిది. లక్షణమైన అంకె.

"ఇప్పుడు మంచిగనే ఉంది గానీ పడిపోతున్నదేమో. అమ్మా, ఆ జ్యూసు తే," అన్నారు.

గ్లాసు తీసుకుని గోడకేసి కొట్టాను. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. ఇద్దరూ కలిసి నన్ను కింద పడేసి తాగించారు. సాయంత్రానికి షుగరు నాలుగొందలు దాటింది. ల్యాబ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అయితే నేను మాత్రం తక్కువదాన్నా? ఆ పద్ధతిని వాడుకోవడం నేర్చుకున్నాను. ఒకరోజు అత్తయ్య ఏదో అన్నారని అన్నం పళ్ళెం ఆవిడ కాళ్ళ దగ్గర విసిరికొట్టి, ఆ వెంటనే గోడకు చేరబడి కళ్ళు మూసుకున్నాను. పాపం పరిగెత్తుకొచ్చి నోట్లో తేనె పోశారు. నేను గుటకలు మింగుతూ ఊరుకున్నాను. అంతకు పది నిమిషాల ముందే బాత్రూములో మీటరు పెట్టుకున్నాను, నూట ఇరవై ఆరు. సిగ్గుపడ్డానా అంటే, అప్పుడు లేదు. చాలా హాయిగా అనిపించింది.

మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం, మావారు టీవీ దగ్గర, అత్తయ్య పక్క గదిలో ఉన్నారు. నేను అర్ధసంవత్సరం పరీక్ష పేపర్లు దిద్దుతూ నీళ్ళు తాగడానికి లేచాను. తిరిగొచ్చేసరికి పిల్ల స్కెచ్ పెన్నులతో ఆ పేపర్ల మీద సీతాకోకచిలుకలు వేస్తోంది. పన్నెండు పేపర్లు. చెయ్యి పట్టుకుని లేపాను. వెనక్కి మెలితిప్పాను. వదలమని ఏడ్చింది. వదలకుండా బీరువాకేసి విసిరాను. మోచేయి తలుపు అంచుకు తగిలి, మునక్కాయ విరిచినట్టు చప్పుడైంది.

అత్తయ్య వచ్చి నా జుట్టు పట్టి వెనక్కి లాగారు. మావారు మీద పడ్డారు. తేనె, గ్లూకోజ్, అన్నీ ఒకేసారి గొంతులో. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, ఆ కంగారులో ఎవరికీ మీటరు పెట్టాలని తోచలేదు. ఆటోలో ఆస్పత్రికి వెళ్తుండగా పెడితే రెండొందల పది వచ్చింది, అన్ని చెంచాల తేనె పడ్డాక ఆ అంకెకు అర్థమేముంది? నేను మావారి ముఖంలోకి చూసి "ఏమైందండీ?" అన్నాను.

అంతకంటే పెద్ద అబద్ధం నేను ఆడలేదు. నాకంతా గుర్తుంది. సీతాకోకచిలుకల రంగులు కూడా గుర్తున్నాయి. లో అయితే ఒక్క ముక్క గుర్తుండదు. అంతేకాదు, ఆవేళ నా గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. చక్కెర పడిపోయినప్పుడు నాకా దడ రావడం మానేసి అప్పటికే ఏళ్ళయింది. అది కోపంతో వచ్చిన దడ. బయాలజీ టీచరుకు ఇంకొకరు చెప్పాలా?

నోటుపుస్తకంలో ఆయన ఆ తేదీ ఎదురుగా రాశారు, 'నంబరు లేదు. పాప చెయ్యి.'

అత్తయ్య పిల్లను తీసుకుని చిలకలగూడలోని తన ఇంటికి వెళ్ళిపోయారు. "నిన్నేమీ అనటల్లేదమ్మా. నీ షుగరుకి తల్లీ పిల్లా తెలవదు. పిల్లను మాత్రం దాని ముందు పెట్టను," అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక గంటసేపు వెళ్ళి చూసొచ్చేదాన్ని. పిల్లకూ నాకూ మధ్య సోఫాలో ఆవిడ కూర్చునేవారు. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా తిన్నగా రాదని తెలిసింది. నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. షుగరును భరిస్తారు, నన్నెందుకు భరిస్తారు? పిల్ల ఇక ఎప్పటికీ నా గడప తొక్కదు. అందుకే నోరు మెదపలేదు.

ఆ మరుసటి ఏడు కిడ్నీలు పోయాయి. బన్సీలాల్‌పేట్ దగ్గర ఒక సెంటర్‌లో వారానికి మూడుసార్లు డయాలసిస్. మావారే స్కూటరు మీద తీసుకెళ్ళేవారు. కిడ్నీతో పాటు పాంక్రియాస్, అంటే క్లోమం కూడా మారుస్తామన్నారు డాక్టర్లు. పేరు రాయించుకుని ఏడాదిన్నర ఎదురుచూశాం. తొమ్మిదో తరగతి మూడో పీరియడ్‌లో ఫోన్ వచ్చింది. హైవే మీద లారీ ఎవరినో ఈడ్చుకుపోయింది, తలకాయ తప్ప మిగతావన్నీ బాగున్నాయట. ఒకడి తల పగిలితేనే నాకు బతుకు. ఆ మాట అనుకున్నాక చేతిలో సుద్దముక్క నలిగిపోయింది, నిలబడి చూస్తుండిపోయాను.

పొట్ట కింద ఎడమవైపు కిడ్నీ, కుడివైపు పాంక్రియాస్ పెట్టారు. నా పాతది తీయలేదు, దాని చోట అది ఉంది. కొత్తది మూడో రోజుకే పనిలోకి దిగింది. పదకొండో ఏటి తర్వాత మొదటిసారి సూది లేకుండా ఇడ్లీ తిన్నాను, రెండు గంటల తర్వాత నూట పన్నెండు. మావారు మీటరు చేతిలో పట్టుకుని ఆస్పత్రి వరండాలో ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. రేపు చెయ్యి లేస్తే నేరం ఎవరి మీద పెట్టాలి?

అత్తయ్య అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "లో అయినా కొట్టదని డాక్టరు రాసియ్యాలి. అప్పుడు పంపుతాను," అన్నారు. కొత్త పాంక్రియాస్ పెట్టినవాళ్ళలో పోయిన హార్మోన్లు ఎలా తిరిగొస్తాయో చూసే పరీక్ష ఒకటి మా డాక్టరు చేస్తున్నారు. ఒక చేతికి ఇన్సులిన్ డ్రిప్పు, పక్కనే గ్లూకోజ్ డ్రిప్పు పెట్టి, కావాలనే చక్కెరను మెట్టుమెట్టుగా దించుతూ రక్తం తీస్తారు. నేనే వెళ్ళి నాకు చేయమన్నాను.

ఆ ఉదయం మంచం మీద పడుకుని, నా చేతులు రెయిలింగుకు కట్టేయమని సిస్టర్‌ను అడిగాను.

"గిట్ల కట్టేస్తే రక్తమెట్ల తీయాలె అమ్మా? ఏం పరేషాన్ గాకు, మేమున్నం గదా," అంది.

"నేను కొడతాను. మీకు తెలియదు."

చివరికి ఒక చెయ్యి బ్యాండేజీ గుడ్డతో కట్టింది. తొంభై. డెబ్భై ఆరు. అరవై మూడు. ప్రతి మెట్టు దగ్గరా డాక్టరు అడుగుతున్నారు, ఈ రోజు ఏ వారం, మావారిని చూపించి ఈయనెవరు, మీ పాప పేరేంటి. యాభై ఐదు దగ్గర వేళ్ళు వణికాయి. వీపంతా చెమట. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినపడింది. ఒళ్ళంతా అన్నం అన్నం అని అరిచింది. "డాక్టర్ గారూ, ఆకలేస్తోంది," అన్నాను. పాప పేరు చెప్పాను. నా చెయ్యి లేవలేదు. ఎవరినీ కొట్టాలనిపించలేదు.

వారం తర్వాత డాక్టరు కాగితం చూపించారు. కొత్త పాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ ముందు కాలేయానికి వెళ్ళకుండా నేరుగా ఒంటి రక్తంలో కలుస్తుంది, అందుకని అది ఉండాల్సినదానికంటే ఎక్కువే కనిపిస్తోందన్నారు. అదేం ఫరవాలేదట. అసలు సంగతి గ్లూకగాన్. చక్కెర పడగానే అది లేచింది. అడ్రినలిన్ పూర్తిగా కాకపోయినా చాలావరకు తిరిగొచ్చింది. "ఇక మీకు తెలియకుండా లో కావడమన్నది దాదాపు ఉండదమ్మా," అన్నారాయన. మావారు ఆ కాగితాన్ని జిరాక్సు తీయించి అత్తయ్యకు ఇచ్చారు.

వెళ్ళిపోయిన మూడేళ్ళకు మా అమ్మాయి ఇంటికొచ్చింది. పదేళ్ళది. నానమ్మ వీధిలో తిరిగి తిరిగి అచ్చం చిలకలగూడ మాట. మావారు తలుపు దగ్గరే చెప్పారు, "మమ్మీ ఇగ కొట్టదు బేటా. అదంతా షుగర్ చేసిన పని." అది తల ఊపి నన్ను చూసింది. నేను చెప్పుల స్టాండు సర్దుతున్నాను.

రెండు నెలలు బాగానే గడిచాయి. నేను కసిరితే మావారు దానికో కొత్త పేరు పెట్టారు. "ఆపరేషన్ అయినంక ఇచ్చే స్టెరాయిడ్ గోళీలతోని గట్లయితది అంట," అనేవారు. ఈయనకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

మొన్న దసరా సెలవుల్లో ఆయన డ్యూటీకి వెళ్ళాక చపాతీలు చేస్తున్నాను. కొత్త అవయవాలను ఒళ్ళు తిప్పికొట్టకుండా వేసుకునే మాత్ర పొద్దున తొమ్మిదింటికి పడాలి. ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను. గడియారం చూస్తే పన్నెండు. ఫోన్ మా అమ్మాయి చేతిలో ఉంది, ఏదో ఆట ఆడుతోంది. అలారం మోగితే ఆపేసిందట.

మాత్ర మింగాను. ఆ తర్వాత దాని జడ పట్టుకున్నాను. "నన్ను చంపుతావా? చచ్చిపోవాలా నేను?" అని అరుస్తూ గోడ దాకా ఈడ్చాను. కుడి చేతిలో అప్పడాల కర్ర అలాగే ఉంది. ఎత్తాను. గుండె దడ, చెమట, వేళ్ళలో వణుకు, అన్నీ వచ్చాయి. పరీక్ష రోజు మంచం మీద వచ్చినవే. చక్కెర పడితే లేచేదీ అదే అడ్రినలిన్, కోపమొస్తే లేచేదీ అదే. రెండింటికీ తేడా ఆ క్షణంలో నాకు తెలియలేదు. తెలియకూడదనే అనుకున్నానేమో.

పిల్ల అరవలేదు. వంకర చెయ్యి తల మీద అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నా కొంగు పట్టుకుంది. "మమ్మీ, కూసో. జెర కూసో," అంది. కర్ర అలాగే గాలిలో ఉంది. నేను కుర్చీలో కూలబడ్డాను. అది పరుగున మీటరు తెచ్చి, నా ఉంగరం వేలు పక్కన సూది నొక్కి, చుక్క తీసింది. నానమ్మ నేర్పి ఉంటారు, చెయ్యి తిరిగినదానిలా చేసింది.

"తొంభై ఏడు," అంది. అంకె వంక ఇంకోసారి చూసింది. ఆ తర్వాత గ్లూకోజ్ డబ్బా మూత తీసి ఒక చెంచా నా నోటి దగ్గర పెట్టింది. "అయినా తిను మమ్మీ. డాడీ అడిగితే యాభై అని చెప్తా."

ఆ చెంచా తినేస్తే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"వద్దు," అన్నాను. "నాకు లో కాలేదు. ఆ రోజు కూడా కాలేదు. నీ చెయ్యి విరిచింది నేనే. నాకంతా గుర్తుంది."

"నాకు తెల్సు," అంది.

"ఎలా తెలుసు?"

"ఆ దినం నువ్వు నన్ను పేరు పెట్టి పిలిచినవ్. రెండుసార్లు. లో అయితే నీకు నా పేరు యాదికుండదు గదా."

"మరి నానమ్మకు ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నన్ను మళ్ళ నీ దగ్గరికి పంపకపోతుండె."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. దాన్ని దగ్గరికి తీసుకోవాలని చెయ్యి చాపితే భుజం ముడుచుకుంది, కావాలని కాదు, దానంతట అదే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సారీ అన్నాను. మా ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు. అది చెంచాలోని పొడి జాగ్రత్తగా డబ్బాలో పోసి మూత పెట్టింది.

బీరువాలోంచి నోటుపుస్తకం తీశాను. ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు. ఆవేళ్టి తేదీ వేసి, '97. కర్ర ఎత్తింది. లో కాదు, స్టెరాయిడ్ కాదు,' అని నా చేతిరాతతో రాశాను. వెనక్కి తిప్పుకుంటూ పోయి 'నంబరు లేదు. పాప చెయ్యి' దగ్గర ఆగాను. దాని కింద 'నేనే. గుర్తుంది,' అని రాసి, పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి భోజనాల బల్ల మీద పెట్టాను. పేజీ ఎగరకుండా పైన మీటరు పెట్టాను.

"డాడీ చూస్తడు," అంది మా అమ్మాయి.

"చూడాలనే. నువ్వు నానమ్మ దగ్గరికి వెళ్తావా? ఆటో పిలుస్తాను."

ఆలోచించి తల అడ్డంగా ఊపింది. ఆయన ఆరున్నరకు వస్తారు. అప్పటికి చాలా టైముంది. అది సెలవుల హోంవర్కు పుస్తకాలు తెచ్చుకుని, బల్లకు అవతలి వైపు, నా చెయ్యి అందనంత దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.